నోరు తడిపే చేతులు

గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చాక చాలామందికి ఉమ్ము ఊరడం బాగా తగ్గిపోతుంది. అప్పుడే తెలుస్తుంది అది ఎంత కాపలా కాసేదో. అందులోని హిస్టాటిన్-5 అనే ప్రోటీన్‌లో ఉన్నవి 24 అమైనో ఆమ్లాలే. అయినా అది కాండిడా అనే శిలీంధ్రపు కణంలోకి చొరబడి, దాని పొటాషియం బయటికి కారిపోయేలా చేసి చంపుతుంది. ఉమ్ములోని మరో ప్రోటీన్ లాక్టోఫెర్రిన్ ఆ శిలీంధ్రానికి కావలసిన ఇనుమును ముందే పట్టేసుకుంటుంది. ఇవి కరువైతే నాలుక మీద పెరుగు తరకల్లా తెల్లటి పూత లేస్తుంది. మెతుకు మింగినా మంటే.

ఆ లోటును కొంతైనా పూడ్చేది వార్డులోని నర్సమ్మ. "తాతగారూ, కాస్త నోరు తెరవండి" అంటూ టార్చి వేసి బుగ్గల లోపల, నాలుక కింద, అంగిట్లో చూస్తుంది. గ్లౌజు వేలికి గాజ్ గుడ్డ చుట్టి, ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, వెనక పళ్ల దాకా తుడుస్తుంది. వాంతి రాకుండా నాలుక మొదట్లో మాత్రం వేలు తగలనివ్వదు. ఎంత నేర్పు! కట్టుడు పళ్లు తోమి రాత్రికి నీళ్లలో వేస్తుంది. నిస్టాటిన్ మందును కాసేపు నోట్లో తిప్పించి గానీ మింగనివ్వదు. మందు రాసిన డాక్టరుకు పెట్టే దండం ఈమెకూ పెట్టాలి. ఇంటికి పంపేముందు కోడలిని పక్కన నిలబెట్టుకుని, ఇదంతా ఆమె చేతే ఒకసారి చేయిస్తుంది.