అబింగ్డన్ బిడ్డా, నీ ఆనవాలు చూపించు

సైబర్ టవర్స్ గుండ్రని భవనం 1998లో తలుపులు తెరిచేనాటికే నీకు యాభై నిండాయట. మాదాపూర్ ఇంకా బండరాళ్ల గుట్టగా ఉన్న కాలంలో, ఇంగ్లండులోని అబింగ్డన్ కర్మాగారం నుంచి నువ్వు బయటికొచ్చావట. నువ్వు ఎమ్‌జీ టీసీ కారువి. 1945 నుంచి 1949 దాకా నీకు పదివేలమంది తోబుట్టువులు. పుట్టిన ఏడు 1948 అని నీ యజమాని గట్టిగా చెబుతున్నాడు. పొడవాటి ముక్కు, తళుక్కుమనే స్పోక్ చక్రాలు, చెక్కినట్టున్న రెక్కలు చూస్తే ఆయన మాట నమ్మబుద్ధేస్తుంది. కానీ ఇది హైటెక్ సిటీ. ఇక్కడ ఏ గేటు దాటాలన్నా మెడలో కార్డు చూపించాలి. నీ సొగసుకు మొక్కే ముందు నీ కార్డు అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు.

ఆ కార్డు నీ ఛాసిస్ నంబరే; ఛాసిస్ ముందు కొసన ఎడమవైపు ఉంటుంది. కర్మాగారం టెలిఫోన్ నంబరు 251 గనక మీ వరస 0251 దగ్గర మొదలైంది. ఆ ముచ్చటకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆర్టీవో ఆఫీసుల్లో చేసినట్టే దాని మీద తెల్ల కాగితం పరిచి, పెన్సిలు పక్కవాటుగా రుద్దుతాను. అంకెలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. చేత్తో సుత్తి పట్టి కొట్టిన అంకెలు బడిపిల్లల వరసలా సర్దుకుని నిలబడవు. ఒకటి లోతుగా దిగుతుంది, ఇంకొకటి కాస్త పక్కకు ఒరుగుతుంది. ఆ వంకరే నీ అందం. అంకెల చుట్టూ ఇనుము పల్లంగా, నున్నగా తగిలితే మాత్రం నా చెయ్యి ఆగిపోతుంది. అక్కడ గ్రైండర్ తిరిగింది. పాత పేరు చెరిపి కొత్త పేరు కొట్టారు.

ఇంజిన్‌కు వేరే ఆనవాలు ఉంది: ఎనిమిది మూలల ఇత్తడి రేకు, దాని మీద ఎక్స్‌పీఏజీ అనే అక్షరాలు, వాటి పక్కన నంబరు. 1250 సీసీల ఆ చిన్న గుండెలో ఉన్న వింత నాకు ప్రాణం. దాని బోల్టు తలకు బ్రిటిష్ విట్‌వర్త్ పానా కావాలి, దాని మర మాత్రం మెట్రిక్. తల ఇంగ్లండుది, ఒళ్లు ఫ్రాన్సుది! మోరిస్ కంపెనీ 1923లో ఫ్రెంచి హాచ్‌కిస్ వాళ్ల కొవెంట్రీ కర్మాగారం కొన్నప్పుడు యంత్రాలతోపాటు ఆ మర కూడా వచ్చింది. పాతికేళ్ల తర్వాత పుట్టిన నీ ఒంట్లో కూడా అదే తిరుగుతోంది. మర సరిపోయిన వేరే మెట్రిక్ బోల్టు ఆ రంధ్రంలో బిగుసుకుంటుంది కూడా. కానీ దాని తల కొలత వేరు. పెయింటు మెరుపుతో నా కన్ను మోసపోయినా, పానా మోసపోదు. ఓ బోల్టు తలా, నీకు దండం.

తలుపు తీసి వేస్తాను. నీ రేకు లోపల యాష్ కలప చట్రం ఉంది. అది గట్టిగా ఉంటే తలుపు ఒక్క చప్పుడుతో కూర్చుంటుంది. చెదలు తిన్నా, కీళ్లు సడలినా గలగలమంటుంది. మన వడ్రంగి ఆ చోట టేకు వేసి ఉంటే? పాత కార్ల పోటీలో మార్కులు తగ్గించాలి, కానీ నింద వేయను. ఈ వానకూ ఈ చెదకూ టేకు తెలివైన జవాబే. వేసిన సంగతి కాగితం మీద రాసి చూపిస్తే చాలు.

మెత్తటి గుడ్డలో అయస్కాంతం చుట్టి నీ ఒంటి మీద జరుపుతాను. ఇనుప రేకు పట్టుకుంటుంది, పుట్టీ వదిలేస్తుంది. అయితే తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఆ కాలపు కర్మాగారాలే అతుకుల దగ్గర సీసం నింపేవి. అయస్కాంతం జారిన ప్రతిచోటా దొంగతనం ఉండదు.

ఇక నీ ముఖం. డ్రైవరు ఎదురుగా ఇంజిన్ చుట్లు చూపే గడియారం, పక్కన కూర్చున్నవాళ్ల ఎదురుగా స్పీడోమీటరు! ఎంత వేగంగా పోతున్నామో భయపడేవాళ్లకే ముందు తెలియాలని కాబోలు. పెట్రోలు కొలిచే గేజి నీకు లేదు, అడుగంటుతున్నప్పుడు వెలిగే పచ్చ దీపం మాత్రం ఉంది. సౌకర్యానికని ఎవరైనా గేజి బిగిస్తే అది మర్యాదే కావచ్చు, నీది మాత్రం కాదు. సీటు మీద ఒళ్లు ఆనే చోట తోలు, మిగతా చోట తోలును పోలిన గుడ్డ. డబ్బుందని అంతటా తోలు కుట్టించిన యజమాని నిన్ను పుట్టినప్పటికన్నా ధనవంతుణ్ని చేశాడు. అందుకు మార్కులు రావు. నీ రోజుల్లో సెల్యులోజ్ పెయింటు వేసేవాళ్లు. దాని మెరుపులో కొంచెం సిగ్గు ఉండేది. ఇప్పటి క్లియర్‌కోటు కింద నువ్వు కోకాపేట అద్దాల మేడలా మెరిసిపోతుంటే, నాకెందుకో నీ మీద జాలేస్తుంది.

పాతబస్తీ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన బండి అది. అది చేతికి రాకముందే, 1911లో, ఆయన కన్నుమూశారు. ఎవరింటి బండో ఎవరూ అడగనక్కర్లేదు. నీకా భాగ్యం లేదు. ఎన్ని చేతులు మారావో, ఎన్ని ఊళ్ల దుమ్ము తిన్నావో. అందుకే ఇన్ని ప్రశ్నలు.

ఇవే ప్రశ్నలు ఒకసారి కోర్టుకెక్కాయి. లె మాన్స్ 24 గంటల పందెం 1929లోనూ 1930లోనూ గెలిచిన బెంట్లీ ఓల్డ్ నంబర్ వన్‌ను కోటి పౌండ్లకు బేరమాడి, ఇది ఆ బండే కాదని కొనేవాళ్లు అడ్డం తిరిగారు. మొదటినాటి భాగాల్లో మిగిలింది చాలా తక్కువ. అయినా 1990లో లండన్ హైకోర్టు అది ఓల్డ్ నంబర్ వనే అని చెప్పింది. భాగాలు ఒకదాని తర్వాత ఒకటి మారాయి గానీ బండి చరిత్ర ఎక్కడా తెగలేదు, ఆ పేరు చెప్పుకోగల బండి ఇంకొకటి లేదు. ఆ తీర్పు నాకు నచ్చుతుంది. 2012లో పాత వాహనాల ప్రపంచ సమాఖ్య ఫీవా ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కూడా కొత్తగా చేయడంకన్నా ఉన్నది కాపాడటానికే పెద్దపీట వేసింది. 2017 ఫిబ్రవరిలో ఫలక్‌నుమా ప్యాలెస్ ముంగిట కార్టియే పాత కార్ల పోటీ జరిగింది గనక, ఈ చూపు మన ఊరికి కొత్తేమీ కాదు.

మన చట్టానికీ ఒక కన్నుంది. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం, యాభై ఏళ్లు దాటి, ఛాసిస్‌కో బాడీకో ఇంజిన్‌కో పెద్ద మార్పులు జరగని సొంత బండికే వింటేజ్ గుర్తింపు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడు పక్కన వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఇరవై వేల రూపాయలు, పదేళ్ల గడువు. ర్యాలీకి, ప్రదర్శనకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి రోడ్డెక్కొచ్చు. రోజూ రాయదుర్గం ఆఫీసుకు మాత్రం కుదరదు. గచ్చిబౌలి ట్రాఫిక్ నుంచి నిన్ను కాపాడిన ఆ అధికారి ఎవరో గానీ, చల్లగా ఉండాలి.

నా తీర్పు ఇదీ. ఇంజిన్ మారినా చెప్పి మార్చినవాడు గట్టెక్కుతాడు. టేకు వేసి రాసి ఉంచినవాడూ గట్టెక్కుతాడు. నంబరు చెరిపి మళ్లీ కొట్టినవాడు, వాడి బండి అద్దంలా మెరుస్తున్నా సరే, ఓడిపోతాడు.

చదువుతున్న మీ ఇంట్లో, తాతగారి షెడ్డులో టార్పాలిన్ కింద ఇలాంటిదేమైనా ఉంటే ఒక మాట. గీకడానికి ముందు ఫొటోలు తీయండి. ఊడదీసిన ప్రతి బోల్టునూ డబ్బాలో వేసి, ఎక్కడిదో రాసి పెట్టండి. చిరిగిన ఆర్‌సీ బుక్కును, మాసిన మరమ్మతు బిల్లును పారేయకండి. నంబరు ఉన్న చోట గ్రైండర్ పెట్టొద్దని మేస్త్రీకి మొదటిరోజే చెప్పండి.