గుడి మెట్లు దిగాక
మతం వదిలినవాళ్ళ జ్ఞాపకాలపై ఒక పరిశీలన

మతంలోకి పోవడం గురించి మనకు కావలసినంత రాత ఉంది. మతంలోంచి బయటికి రావడం గురించి దాదాపు లేదు. మా నెల్లూరు మిషను చరిత్రనే తీసుకోండి. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను పెట్టిన దగ్గర్నుంచి, 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నదాకా అన్నిటికీ లెక్కలున్నాయి. దొరలు రాసిన నివేదికలున్నాయి, ఉత్తరాలున్నాయి. వాటి మీద మన పరిశోధకులు రాసిన సిద్ధాంత వ్యాసాలున్నాయి. మునిగినవాళ్ళను ఇంత శ్రద్ధగా లెక్కపెట్టిన చరిత్ర, వాళ్ళ మనమలు మనమరాళ్ళలో ఎంతమంది ఆ సంఘాన్ని వదిలేశారో, ఎందుకు వదిలేశారో, వదిలాక ఎట్లా బతికారో ఎందుకు చెప్పలేదు? చెప్పనివాళ్ళలో మేమూ ఉన్నాం.

మార్మన్ మతం వదిలినవాళ్ళు రాసుకున్న జ్ఞాపకాలు చదివినప్పుడు ఈ ప్రశ్న మమ్మల్ని గట్టిగా పట్టుకుంది. 1830లో జోసెఫ్ స్మిత్ అమెరికాలో స్థాపించిన సంఘం అది. ఉటా రాష్ట్రం దానికి కేంద్రం. టీ, కాఫీ, సారా నిషేధం. రాబడిలో పదో వంతు సంఘానికి ఇవ్వాలి. ఇవన్నీ పాటిస్తున్నారో లేదో పెద్దలు అడిగి తెలుసుకుని అనుమతిస్తేనే పెద్ద దేవాలయంలో అడుగుపెట్టాలి. స్త్రీల సమాన హక్కుల రాజ్యాంగ సవరణ కోసం పోరాడిన సోనియా జాన్సన్‌ను 1979లో ఈ సంఘం వెలివేసింది. 1981లో ఆమె తన కథ రాసింది. 2018లో టారా వెస్టోవర్ తండ్రి ఇంటిలోంచి చదువులోకి నడిచిన కథ రాసింది. తన పుస్తకం మార్మన్ మతం గురించి కాదని ముందే చెప్పుకుంది గానీ, పాఠకులు దాన్ని ఈ కోవలోనే చదివారు.

ఈ కోవ రాతల్లో మమ్మల్ని ఆపింది సిద్ధాంత చర్చ కాదు, చిన్న చిన్న సంగతులు. మొదటిసారి తాగిన కాఫీ. ఏం చేయాలో తోచని ఆదివారం. కూతురి పెళ్ళి దేవాలయం లోపల జరుగుతుంటే, సంఘం వదిలిన పాపానికి బయట నిలబడ్డ తల్లి. లోపలికి రానివ్వరు. కన్నతల్లి అయినా సరే.

ఈ చోట మేము పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాం. గుడి బయట నిలబడడం ఆ తల్లికి కొత్త. మనకు కొత్తా? అదే ఆమె దుఃఖానికీ మన దుఃఖానికీ తేడా. ఆమె లోపలినుంచి బయటికొచ్చింది. మనం పుట్టడమే బయట పుట్టాం. ఇంకోమాట కూడా చెప్పుకోవాలి. 1978 జూన్ దాకా ఈ సంఘం నల్లజాతి పురుషులకు యాజకత్వం ఇవ్వలేదు. ఆ నిషేధం ఎత్తేసిన ఏడాది చివరలోనే హైదరాబాదులో ఒక తెలుగు కుటుంబం వాళ్ళు బాప్తిస్మాలు తీసుకున్నారు. 2012 నాటికి భారతదేశంలో ఆ సంఘపు మొదటి 'స్టేక్' హైదరాబాదులోనే ఏర్పడింది. కానీ మార్మన్ జ్ఞాపకాలుగా పేరుకెక్కినవి ఎక్కువగా తెల్లవాళ్ళవి. సంఘం వదిలినా వాళ్ళు తెల్లవాళ్ళే. ఇల్లు పోతుంది, అమ్మానాన్నల మాట పోతుంది, అదేం తక్కువ బాధ కాదు. అయినా బయట ఒక లోకం వాళ్ళను మనుషులుగానే ఎదురుచూస్తుంటుంది. అందుకే ఆ జ్ఞాపకాల్లో ప్రధాన ప్రశ్న 'నేనిప్పుడు ఎవరిని?' అని. మన ప్రశ్న అది కాదు. 'మనల్నిప్పుడు ఏమని రాస్తారు?' అన్నది మన ప్రశ్న.

దీన్ని మా ఇంటి సంగతితోనే చెబుతాం. మాది ఇందుకూరుపేట దగ్గర ఒక పాలెం. మా మండలంలోనే పల్లిపాడు ఉంది. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చి ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఉన్న ఊరు. పాఠ్యపుస్తకాల్లో మా ప్రాంతం పేరు వచ్చేది ఆ ఆశ్రమం వల్లే. పాలెంలో మాత్రం మా అవ్వకు అక్షరం నేర్పింది ఆశ్రమం కాదు, సంఘం. ఆమె చదివిన ఒకే ఒక పుస్తకం బైబిలు. జబ్బు చేస్తే నెల్లూరు మిషను ఆసుపత్రి. పిల్లకాయలు చదవాలంటే మిషను బోర్డింగు. మా పాలెంలో 'గుడి' అంటే చర్చే. వేరే గుడి ఉందని మాకు తెలుసు గానీ అది ఊళ్ళోవాళ్ళది.

కాలేజీ రోజుల్లో అంబేద్కర్‌ను చదివాం. గుడికి పోవడం మానేశాం. పోట్లాట ఏమీ జరగలేదు. సంఘంలో మాల వరస వేరు, మాదిగ వరస వేరు అన్నది చూస్తూనే పెరిగాం. కోతల పండక్కి ఎవరి కానుక ఎంతో మైకులో చదివే తీరు నచ్చలేదు. దేవుడి మీద నమ్మకం ఎప్పుడు పోయిందో మాకే సరిగ్గా తెలియదు. పాస్టరయ్య ఒకసారి ఇంటికొచ్చి ప్రార్థన చేసి పోయాడు. తర్వాత మా పేరు 'వెనక్కి జారినవాళ్ళ' లెక్కలో పడింది. అమ్మ కోప్పడలేదు. ఒక్కమాట అడిగింది: "నువ్వు గుడికి రాకపోతే రాకపోయావు గానీ నాయనా, రేపు నేను పోతే నన్ను యాడ బెడతావు?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. అంబేద్కర్ పుస్తకంలో వెతికినా ఆ పూటకు దొరకలేదు. సమాధుల దొడ్డి సంఘానిది. పెళ్ళి చీటీ సంఘానిది. చావింటికి కూడేది, పాట పాడేది, బువ్వ వండి తెచ్చేది సంఘం ఆడవాళ్ళు. మేము వదిలింది దేవుణ్ణి అనుకున్నాం. అమ్మకు కనిపించింది మాత్రం చావునాడు వాకిట్లో నిలబడే మనుషులు. నమ్మకం పోవడం గురించి మగవాళ్ళం గొప్పగా మాట్లాడుకుంటాం. దాని ఖర్చు మాత్రం ఇంట్లో ఆడవాళ్ళు కడతారు. ఇది మాకు ఆలస్యంగా తెలిసింది.

రెండో ప్రశ్న ఒక ఆఫీసులో ఎదురైంది. కులం కాగితం కోసం పోతే అక్కడి ఉద్యోగి అడిగాడు: "గుడికి పోతారా?" మేము "మానేశాం" అన్నాం. ఆయన ముఖం చిట్లించాడు. ఆయన అడిగింది ఊళ్ళో గుడి. మేము చెప్పింది పాలెంలో గుడి. ఒకే మాట, రెండు లోకాలు. విషయం అర్థమయ్యాక ఆయన నవ్వి, "అట్లయితే మళ్ళీ హిందువైనట్టు రాసుకురాండి" అన్నాడు. మళ్ళీ అనే మాట దగ్గర మేము ఆగిపోయాం. ఎప్పుడు అయ్యామని మళ్ళీ? 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వమని పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షకు కూర్చోవలసి వచ్చింది. మా తాతలు అడుగుపెట్టని ఇంటికి మేము 'తిరిగి' ఎట్లా పోతాం?

ఇది ఒక ఉద్యోగి తప్పు కాదు. చట్టమే అట్లా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కానివాళ్ళను షెడ్యూల్డు కులాల జాబితా నుంచి తీసేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళు బీసీ-సి కింద 1 శాతం వాటాదారులు. గుంటూరు మెడికల్ కాలేజీ కేసులో 1976లో సుప్రీంకోర్టు, మతం మారిన తల్లిదండ్రుల బిడ్డ హిందూమతంలోకి వస్తే, కులంవాళ్ళు ఒప్పుకుంటే, ఆ కులస్థుడే అవుతాడంది. 1985లో సూసై కేసులో, మతం మారాక కూడా అవే కష్టాలున్నాయని రుజువు చూపమంది. 2015లో తిరిగొచ్చినవాళ్ళకు మూడు రుజువులు కావాలంది: పూర్వీకుల కులం, మతంలోకి తిరిగి రావడం, కులం ఒప్పుకోవడం. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ కేసులో, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది. 2025లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారి పాస్టరుగా ఉన్న వ్యక్తికి అట్రాసిటీ చట్టం వర్తించదంది. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసింది. తీర్మానం కేంద్రాన్ని అడగగలదు గానీ ఉత్తర్వును మార్చలేదు.

ఈ తీర్పులన్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తేలుతుంది. లోపల ఉన్నవాడు కులం లేనివాడు. బయటికొచ్చినవాడు హిందువు. ఊరికే బయటికొచ్చి ఊరికే ఉండిపోయినవాడికి కాగితం మీద చోటు లేదు. దేవుడు లేడని చెప్పినా సరే, ఫారంలో మతం గడి ఖాళీగా వదిలితే కులం గడి నిండదు. అంటే మనం ఏ గుమ్మంలోంచి బయటికొచ్చినా రాజ్యం మనల్ని ఒకే ఇంట్లోకి తోలుతోంది. 'ఘర్ వాపసీ' అని జెండాలు పట్టుకుని అరిచేవాళ్ళు చేసే పని, అరవకుండా ఫారం చేస్తోంది. మార్మన్ సంఘం వదిలిన అమెరికన్ ఒక ఉత్తరం రాసి పేరు కొట్టేయించుకుంటాడు. పేరు కొట్టేశాక అతని చర్మం మీద ఎవరూ కొత్త పేరు రాయరు. తేడా ఇక్కడుంది.

మరి మన సాహిత్యం ఈ బయటికి రావడాన్ని ఎట్లా పట్టుకుంది? ముందు జాషువా. పురాణాలు, కావ్యాలు చదివి పద్యాలు రాసినందుకు క్రైస్తవ సంఘం ఆయన్ను వెలివేసిందని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. హిందూ పండితులు ఆయన కులం తెలిసి సభల్లో అవమానించారు. రెండు గుమ్మాలూ మూసుకున్నవాడు ఆయన. ఆ మనిషే 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తీసుకున్నాడు. మన విమర్శకులు దీన్ని ఉదారత అని మెచ్చుకుని వదిలేశారు. మేము అట్లా అనుకోం. సంఘాన్ని వదిలినవాడు క్రీస్తును వదలనక్కర్లేదని, క్రీస్తును రాసినవాడు సంఘానికి లొంగనక్కర్లేదని జాషువా చేసి చూపాడు. 'నా కథ'ను ఈ కోణం నుంచి చదివినవాళ్ళు తక్కువ.

రెండోది జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000). శివయ్య సీమోను అయిన తీరు, కరువు, బకింగుహాము కాలువ పని, అంటరానివాళ్ళకు ఆ పని కూడా దొరకనివ్వని తీరు మా కోస్తా చరిత్రకు పెట్టని కోటలు. లోపలికి పోవడాన్ని ఇంత లోతుగా చెప్పిన తెలుగు నవల మరొకటి మాకు తెలియదు. కానీ బయటికి రావడం దగ్గరకొచ్చేసరికి నవల విప్లవం దారి పట్టి ముందుకు పోతుంది. సంఘం వదిలి అడవికి పోనివాళ్ళు, పాలెంలోనే ఉండి గుడికి మాత్రం పోనివాళ్ళు, వాళ్ళ ఆదివారాలు, వాళ్ళ చావులు నవలకు బయటే ఉండిపోయాయి. ఇది తప్పుపట్టడం కాదు. ఆ తర్వాతి నవల ఇంకా రాలేదని చెప్పడం.

మూడోది సుజాత గిడ్ల ఇంగ్లీషులో రాసిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' (2017). న్యూయార్కులో ఉండి రాసిన పుస్తకం. క్రైస్తవురాలు అన్నా అంటరానిది అన్నా ఒకటేనని చిన్నపిల్లకు అర్థమైన తీరు అందులో ఉంది. కోర్టులు దశాబ్దాలుగా తేల్చలేని సంగతి ఆ పిల్లకు బడి వయసులోనే తెలిసిపోయింది. మతం వేరు కులం వేరు అని వాదించేవాళ్ళు ఆ పేజీలు చదవాలి. అయితే ఇట్లాంటి పుస్తకం ముందుగా ఇంగ్లీషు పాఠకుడి కోసం, ఇంత దూరంనుంచి రావలసిరావడం మన తెలుగు పత్రికల మీద కూడా ఒక విమర్శే.

కాబట్టి మా వాదన ఇది. మనం బయటికి రావడాన్ని ఇప్పటిదాకా ముగ్గురు రాశారు. సంఘం 'వెనక్కి జారాడు' అని రాసింది. రాజ్యం 'హిందువు' అని రాసింది. హిందూత్వవాళ్ళు 'తిరిగొచ్చాడు' అని రాశారు. మనం మాత్రం రాయలేదు. ఎందుకు రాయలేదో కూడా దాచుకోకుండా చెప్పుకోవాలి. భయం. నిజం రాస్తే కాగితం పోతుందని భయం. సంఘాన్ని విమర్శిస్తే పాస్టర్లను కొట్టేవాళ్ళ చేతికి కర్ర అందించినట్టవుతుందని భయం. ఈ రెండో భయం న్యాయమైందే. దానికి జవాబు మౌనం కాదు, పూర్తి లెక్క. అవ్వకు అక్షరం ఇచ్చింది సంఘం. మాల వరస మాదిగ వరస విడదీసి కూర్చోబెట్టిందీ సంఘమే. రెండూ ఒకే పేజీలో రాయాలి. ఒకటి రాసి ఒకటి దాస్తే అది జ్ఞాపకం కాదు, కరపత్రం.

మార్మన్ జ్ఞాపకాలనుంచి నేర్చుకోవలసింది అదే. వాళ్ళ ప్రశ్న మనది కాదు గానీ వాళ్ళ పద్ధతి మనకు పనికొస్తుంది. పెద్ద మాటలు పక్కనపెట్టి మొదటి కాఫీ గురించి రాశారు. మనం మొదటి ఆదివారం గురించి రాద్దాం. ఫారంలో రాసిన అబద్ధం గురించి, అది రాసేటప్పుడు చేతిలో కలం ఎట్లా ఆడిందో రాద్దాం. విద్యార్థులు సంఘ రిజిస్టర్లలో బాప్తిస్మాల పేజీలే గాక కొట్టేసిన పేర్ల పేజీలు కూడా చూడండి. ఆ పేర్లవాళ్ళ ఇళ్ళకు పోండి. ముందు ఆడవాళ్ళను అడగండి.

అమ్మ పోయింది. సంఘం దొడ్డిలోనే పెట్టాం. మేము వదిలేసిన పాటలే సంఘం ఆడవాళ్ళు పాడారు. పక్కన నిలబడి విన్నాం. ఆ పాటల్లో సగం మాకు ఇంకా నోటికి వచ్చు. పాడలేదు. పాడకపోవడం నిజాయితీయో పొగరో ఇప్పటికీ తేల్చుకోలేదు.

కాగితం మీద మేము హిందువులం. అమ్మ సమాధి మీద సిలువ ఉంది. ఈ రెంటి మధ్య ఉన్న బతుకును రాయడం మొదలుపెట్టాలి.