ముళ్ళ వరుసలు చదివే పని

గుర్రం కడుపులోంచి తీసిన ఎర్రటి బాట్ ఈగ లార్వాను సూక్ష్మదర్శిని కింద పెట్టి, అది ఏ జాతిదో తేల్చేవారి ఓపికంటే నాకు గొప్ప గౌరవం. లార్వా ఒళ్ళంతా కణుపులు, కణుపు కణుపునా ముళ్ళు. వాళ్ళు చదివేది ఆ ముళ్ళనే. ఎక్కువ కణుపులకు ఒక్క వరుసే ఉంటే గాస్టెరోఫిలస్ నాసాలిస్. రెండు వరుసలుండి, ముందు వరుస ముళ్ళు పెద్దవిగా, కొనలు మొద్దుగా ఉంటే గాస్టెరోఫిలస్ ఇంటెస్టినాలిస్. అతుక్కున్న చోటు కూడా సాక్ష్యమే: నాసాలిస్‌ది చిన్నపేగు మొదలు, ఇంటెస్టినాలిస్‌ది జీర్ణాశయం.

ఇంటెస్టినాలిస్ అనే పేరు వెనకా పెద్ద కథే ఉంది. ఈ ఈగ గుర్రం కాళ్ళ వెంట్రుకలకు గుడ్లు అంటిస్తుందనీ, గుర్రం నాకినప్పుడు పిల్లపురుగులు నోట్లోకి చేరతాయనీ ఇంగ్లండ్ పశువైద్యుడు బ్రేసీ క్లార్క్ 1797లో వివరించాడు. ఎంత చక్కటి పరిశీలన! అయినా ఆయన పెట్టిన ‘ఈక్వి’ అనే పేరు నిలవలేదు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు డె గీర్ 1776లోనే ‘ఇంటెస్టినాలిస్’ అన్నాడు. ముందు పెట్టిన పేరుకే హక్కు. ఆ నియమం న్యాయమైనదే.

గుర్రాలు పెంచేవారు ముంగాళ్ళ వెంట్రుకల మీద లేత పసుపు చుక్కల్లా ఈ గుడ్లు కనిపిస్తే పశువైద్యుడికి చూపించాలి.