బిగువు మారని తీగ

సిరిసిల్ల సాంచాల మీద నేత సాగేకొద్దీ పడుగు చుట్టిన బీమ్ సన్నబడుతుంది కనుక, నూలు బిగువు మారకుండా ఉండేందుకు నేతకార్మికుడు బరువును ఎప్పటికప్పుడు సర్దవలసి వస్తుంది. అటువంటి పనినే, మధ్యలో ఎవరూ సర్దకుండా వారాల తరబడి చేసే తీగ ఒకటి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దంతవైద్యశాలల్లో క్లిప్పులు వేయించుకున్న పిల్లల నోళ్లలో ఉన్నది. నికెల్, టైటానియం పరమాణువులు దాదాపు సరిసమానంగా కలిసిన ఆ మిశ్రలోహాన్ని నిటినాల్ అంటారు. అమెరికా నౌకాదళ ఆయుధ ప్రయోగశాలలో 1959 ప్రాంతంలో దానిపై పనిచేసిన లోహశాస్త్రవేత్త విలియం బ్యూలర్.

ఉక్కు తీగ ఒక శాతమైనా సాగకముందే వంగినచోట ఉండిపోతుంది. నిటినాల్ సుమారు 8 శాతం సాగినా వదలగానే మొదటి రూపానికి వస్తుంది. ఒత్తిడి పడినప్పుడు ఆస్టెనైట్ అనే పరమాణు అమరిక మార్టెన్‌సైట్ అనే మరో అమరికలోకి జారడమూ, ఒత్తిడి తొలగగానే వెనక్కి మరలడమూ ఇందుకు కారణం. ఈ గుణాన్నే అతిస్థితిస్థాపకత అంటారు. అమరిక మారుతున్నంతసేపు తీగ చూపే బలం దాదాపు ఒకే స్థాయిలో నిలుస్తుంది కాబట్టి, పన్ను కొంత జరిగిన తరువాత కూడా దానిమీద అదే మెత్తని ఒత్తిడి కొనసాగుతుంది. దవడ ఎముక కరిగి, మళ్లీ కట్టుకోవడానికి అనువైనది అటువంటి ఒత్తిడే. ఈ అమరికలు ఉష్ణోగ్రతకు లోబడినవి కావడంతో చల్లని నీళ్లు పుక్కిలించినప్పుడు తీగ కాసేపు మెత్తబడి, వేడి చాయ్ తాగినప్పుడు బిగుసుకుంటుంది. నికెల్ పాలు శాతంలో పదోవంతు మారినా అమరిక మారే ఉష్ణోగ్రత పది డిగ్రీల మేర జరగగలదు. ఇంత కచ్చితత్వాన్ని కొలిమిలో సాధించడం గొప్ప పనితనమే.

1988లో హర్మీత్ వాలియా, ఆయన సహచరులు ఈ క్లిప్పుల తీగనే చెక్కి రూట్ కెనాల్ ఫైళ్లు, అంటే దంతమూలంలోని సన్నని కాలువను శుభ్రపరిచే పనిముట్లు, తయారుచేశారు. అవి ఉక్కు ఫైళ్ల కన్నా రెండు మూడింతలు సులువుగా వంగి, వంకర కాలువల్లోకి చొరబడగలిగాయి. అయితే వంగినచోట పదేపదే తిరిగే ఫైలులో అలసట పేరుకుపోతుంది. ఉక్కు ఫైలు తరచుగా పురి విప్పుకుని ముందే హెచ్చరిస్తుంది, ఇది మాత్రం పైకి ఏ గుర్తూ లేకుండానే కాలువలో విరిగిపోవచ్చు. ఖరీదైన పనిముట్టును ఇంకొన్నాళ్లు వాడాలనుకోవడం సహజమే అయినా, ప్రతి ఫైలు ఎన్ని పళ్లకు పనిచేసిందో వైద్యశాలలో రాసిపెట్టుకోవడమూ, బాగా వంకర తిరిగిన కాలువలో నడిచినదాన్ని ఒక్కసారికే తీసివేయడమూ రోగి పట్ల చూపవలసిన కనీస శ్రద్ధ.