రంగసూచనలు లేని నాటకం

పాత గ్రీకు నాటకం చదవడానికి కూర్చున్నవాడు ముందుగా విస్తుపోయేది అందులో లేనివాటిని చూసి. ప్రవేశం, నిష్క్రమణ, కోపంగా, తనలో... ఇలాంటివి దాదాపు కనిపించవు. ఎవరు వచ్చారో, ఎప్పుడు వెళ్లారో, ఎవరి వైపు చూసి మాట్లాడుతున్నారో అంతా సంభాషణల్లోంచే తవ్వి తీయాలి. అందుకే దీన్ని అనువదించే విద్యార్థికి నిఘంటువు ముందు కూర్చోవడం, రిహార్సల్లో నిలబడటం వేర్వేరు పనులు కావు.

కేంబ్రిడ్జ్ విద్యార్థులు సొఫోక్లిస్ ‘ఏజాక్స్’ను 1882లో మూలభాషలోనే ఆడారు. మామూలుగా మూడేళ్లకోసారి ఆ ఆనవాయితీ ఇప్పటికీ సాగుతోంది. లండన్ కింగ్స్ కాలేజీలో 1953లో మొదలైన గ్రీకు నాటకం ఏటా ఆడేది. 2016లో కేంబ్రిడ్జ్ వాళ్లు ఎత్తుకున్న వాటిలో సొఫోక్లిస్‌దే ‘ఆంటిగొనీ’ ఒకటి. సోదరుడి శవానికి అంత్యక్రియలు జరపకూడదన్న రాజాజ్ఞను కాదని చావుకు సిద్ధపడ్డ పిల్ల కథ అది.

ఈ నాటకం పట్టిన విద్యార్థికి పెద్ద దిక్కు రిచర్డ్ జెబ్. 1888 నాటి ఆయన ప్రతిలో ఒక పేజీలో గ్రీకు, ఎదురుగా ఇంగ్లీషు వచనం, కింద వ్యాఖ్యానం. పాండిత్యంలో వంక పెట్టడానికి లేదు. కానీ ఆ వచనాన్ని నిలబడి పైకి చదివితే నటుడికి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తోచదు. అర్థం కోసం జెబ్ దగ్గరికి వెళ్లాలి, ఊపిరి కోసం మళ్లీ గ్రీకు దగ్గరికే రావాలి.

సంభాషణల ఛందస్సు తెలుగువాడికి కొత్తగా అనిపించదు. గురులఘువుల లెక్కే. పాదానికి సాధారణంగా 12 అక్షరాలు, నాలుగేసి చొప్పున మూడు ముక్కలు. ప్రతి ముక్కలో మొదటి అక్షరం గురువైనా లఘువైనా చెల్లుతుంది, తర్వాత వరసగా గురువు, లఘువు, గురువు. మాట్లాడే తీరుకు బాగా దగ్గరగా ఉన్న నడక ఇదేనని అరిస్టాటిల్ అన్నాడు. కాబట్టి మన పౌరాణిక నాటకంలో పద్యం అందుకున్నట్టు ఇక్కడ రాగం తీస్తే చెడుతుంది. అలాగని లెక్క వదిలేసి వచనంలా అప్పజెప్పినా చెడుతుంది. రిహార్సళ్లలో ఎక్కువ తంటా ఇక్కడే.

ఆ తంటా బాగా తెలిసేది రాజు క్రియాన్, కొడుకు హీమన్ తగువు పడే చోట. ముందు ఇద్దరూ మర్యాదగా దీర్ఘోపన్యాసాలు ఇస్తారు. ఆ తర్వాత ఒక్కో పాదం చొప్పున మాటకు మాట. తండ్రి అన్న మాటనే కొడుకు పట్టుకుని తిప్పి కొడతాడు. అనువాదకుడు అర్థమంతా రావాలన్న ఆశతో ఒక పాదాన్ని రెండు చేశాడా, దెబ్బకు దెబ్బ పోయి ఉపన్యాసం మిగులుతుంది. నా మటుకు నాకు, కాస్త అర్థం జారినా ఇక్కడ పొడవే కాపాడుకోవాలి.

ఇక బృందగానం. సొఫోక్లిస్ నాటికి బృందంలో 15 మంది. పాట చరణాలు జతలుగా ఉంటాయి. మొదటి చరణంలోని గురులఘువుల వరసే రెండోదానిలోనూ తిరిగి రావాలి. అడుగులు కూడా అలాగే తిరిగి వచ్చేవని పండితుల ఊహ. స్వరాలు మాత్రం దాదాపు అన్నీ పోయాయి. మిగిలిన కాసిన్నిటిలో ఒకటి, యూరిపిడీస్ ‘ఒరెస్టిస్’లోని కొన్ని పాదాలు స్వరలిపితో సహా ఉన్న వియన్నాలోని ఒక పపైరస్ ముక్క. అందుకే కేంబ్రిడ్జ్‌లో కొత్తగా సంగీతం కట్టించుకోవడం మొదటి నుంచీ అలవాటు. అరిస్టోఫేనిస్ హాస్యనాటకం ‘కందిరీగలు’కు 1909లో వాన్ విలియమ్స్ కట్టిన సంగీతం నాటకాన్ని దాటి కచేరీలకెక్కింది.

ప్రాచీన ఏథెన్స్‌లో మాటలున్న పాత్రలన్నీ ముగ్గురు నటులే పంచుకునేవారు. ఈ లెక్క వేసి చూస్తే ‘ఆంటిగొనీ’లో ఒక చమత్కారం బయటపడుతుంది. ఆంటిగొనీని పట్టి తెచ్చిన కావలివాడు బతుకుజీవుడా అంటూ వెళ్లిపోతాడు. సుమారు 80 పాదాల తర్వాత ఆమె సోదరి ఇస్మీనీ ఏడుస్తూ వస్తుంది. ఆంటిగొనీ, క్రియాన్ రెండుచోట్లా వేదిక మీదే ఉన్నారు. అంటే కావలివాడూ ఇస్మీనీ ఒకే నటుడు! ముసుగు మార్చుకోవడానికి ఉన్న వ్యవధి ఆ 80 పాదాలే. నేటి విద్యార్థి బృందంలో ఇద్దరికి రెండు వేషాలు ఇచ్చుకోవచ్చు. అయినా ముగ్గురితో ఒకసారి ఆడి చూస్తే, ఆ మధ్యలో ఆంటిగొనీకీ రాజుకీ అంత పొడుగు వాదన సొఫోక్లిస్ ఎందుకు పెట్టాడో ఒక కారణం చేతికి దొరుకుతుంది.

గ్రీకు రాని ప్రేక్షకుల కోసం ఇప్పుడు వేదిక పైన తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వేస్తున్నారు. దీనితో విద్యార్థి అనువాదానికి కొత్త పరీక్ష వచ్చిపడింది. హీమన్ ఎదురుదెబ్బ తెర మీద ఒక్క క్షణం ముందు పడితే చాలు, నటుడు నోరు తెరవకముందే హాలు స్పందిస్తుంది. అందుకని తెర నడిపే మనిషి కూడా ప్రతి పాదం ఎక్కడ ముగుస్తుందో గ్రీకులోనే వింటూ మీట నొక్కాలి.