కింది స్క్రూ విప్పి చూడండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. పడవలు ఒడ్డెక్కుతాయి, ఔట్‌బోర్డ్ మోటార్లు షెడ్డుకు చేరతాయి. ఉప్పాడ అయినా భీమిలి అయినా, ఆ షెడ్ల ముందు నిలబడి పని చూడటం నాకు ఇష్టం. అందులోనూ నీళ్లలో మునిగి ఉండే కింది గేర్‌బాక్సు పని.

పైనుంచి దిగే షాఫ్టు నిలువుగా తిరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు అడ్డంగా ఉంటుంది. రెంటినీ కలిపేవి బెవెల్ గేర్లు. 1909లో అమెరికాలోని మిల్వాకీలో ఓలే ఎవిన్‌రూడ్ అమ్మకానికి తెచ్చిన మోటారు నుంచి నేటిదాకా ఈ అమరికలో మూలం మారలేదు. గేర్లు 90 నంబరు ఆయిల్లో తిరుగుతాయి. బయటంతా ఉప్పునీరు. ఆ నీటిని ఆపేది చిన్న రబ్బరు సీలు.

గేర్‌బాక్సు అడుగున రెక్కలా ఉండే స్కెగ్ రాయికి తగిలి విరిగితే అందరికీ కనబడుతుంది. వెంటనే వెల్డింగ్ పెట్టించి రంగు వేయిస్తారు. నాకు ఈ తొందర నచ్చదు. అదే దెబ్బకు ప్రొపెల్లర్ షాఫ్టు వెంట్రుకవాసి వంగి ఉండొచ్చు. వంగిన షాఫ్టు తిరిగినంతసేపూ సీలు అంచును ఒరుసుకుంటూనే ఉంటుంది. కొత్త సీలు వేసినా నిలవదు. సీళ్లు తీయకుండా వెల్డింగ్ చేస్తే ఆ వేడికి అవీ చెడతాయి. పని తెలిసిన మెకానిక్ ముందు ప్రొపెల్లర్ ఊడదీస్తాడు. షాఫ్టును చేత్తో నెమ్మదిగా తిప్పి, కొస ఊగుతోందేమో చూస్తాడు.

రాయి తగలకపోయినా సీలు తెగుతుంది. తెగేది ఎక్కువగా నైలాన్ దారంతో. తెగిన వల ముక్క ప్రొపెల్లర్ వెనక షాఫ్టుకు చుట్టుకుని, బిగిసి, సీలును కోసేస్తుంది. అన్నం పెట్టే వలే ఈ పని చేయడం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది.

లోపల ఏం జరిగిందో ఆయిల్ చెబుతుంది. మోటారును రాత్రంతా నిలువుగా ఉంచి, పొద్దున్నే కింది స్క్రూ విప్పాలి. ఆయిల్ కన్నా నీరు బరువు కాబట్టి అడుగున చేరిన నీరు ముందు కారుతుంది. రెండూ కలిసిపోయి ఉంటే పాలు కలిపిన టీ రంగులో వస్తుంది. వేలికి మెత్తటి లోహపు పొడి కాస్త అంటితే మామూలు అరుగుదలే. ముక్కలు వస్తే గేరు పళ్లు పోతున్నట్టు.

పాత ఆయిల్ తీసి కొత్తది పోసి పంపేయడం రిపేరు కాదు. దారి మూయకపోతే నీరు మళ్లీ వస్తుంది, బేరింగులు తుప్పు పడతాయి, ఒడ్డు కనబడని చోట గేరు పట్టేస్తుంది. సీళ్లు మార్చాక లోపలికి కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపి, తొట్టిలో ముంచి బుడగలు వస్తున్నాయా చూడాలి. తర్వాత ఆయిల్‌ను కింది రంధ్రం నుంచే, పై రంధ్రంలోంచి పొంగేదాకా ఎక్కించాలి. అప్పుడే లోపల గాలి మిగలదు. ముందు పై స్క్రూ, ఆపైన కింది స్క్రూ బిగించాలి, రెంటికీ కొత్త వాషర్లతో. విప్పిన చేత్తోనే నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ కూడా మార్చేయడం మేలు.

పడవ యజమానులకు ఒక మనవి. గాలి పరీక్షకు మెకానిక్ ఒక పూట అడిగితే ఇవ్వండి. దానికి విడిగా కూలి అడిగితే అదీ ఇవ్వండి.