ఇనుముకు పోసే ఊపిరి

ఓ ఇంజినా, నీ ఆకలి గురించి లోకం చాలా మాట్లాడింది. నీ ఆయాసం గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. పెట్రోలుకు నీకు ఏనాడూ కరువు లేదు. పంపు ఉంది, ఎంతంటే అంత తోస్తుంది. నీ కరువంతా గాలికే. ఒక్క లీటరు పెట్రోలు నిండుగా మండాలంటే దాదాపు 9 వేల లీటర్ల గాలి కావాలి. నిమిషానికి 6 వేల చుట్లు తిరిగేటప్పుడు ఒక్కో పీల్పుకు నీకు చిక్కేది సెకనులో 200వ వంతు. ఆ రెప్పపాటులో వాల్వు సందులోంచి లాక్కున్నంతే నీ సొత్తు. అందులోనూ ఐదింట నాలుగు పాళ్ళు ఊరికే వచ్చిపోయే నైట్రోజన్. మిగిలిన ఒక్క పాలు ఆక్సిజన్ కోసం ఇంత రొప్పు, ఇంత రొద.

నీ రొప్పు విన్న మనిషి నీకు రెండు తీర్ల ఊపిరి పోశాడు. ఒకటి గాలిని కుక్కి ఇచ్చేది. రెండోది గాలి కంటే చిక్కనిదాన్ని సీసాలోంచి ఇచ్చేది. పొగగొట్టం వేడి మీద బతికే టర్బో కూడా ఉంది కానీ, దాని పాట ఇంకో పూట పాడుకోవాలి.

సూపర్‌చార్జరూ, ముందు నిన్నే తలుస్తాను. నువ్వు కారు కోసం పుట్టలేదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రం కానర్స్‌విల్‌లో రూట్స్ అన్నదమ్ములు, ఫిలాండర్, ఫ్రాన్సిస్, ఉన్ని మిల్లు నడుపుకునేవాళ్ళు. 1860లో వాళ్ళు పేటెంటు తీసుకున్న యంత్రంలో రెండు తమ్మెలు ఒకదాన్నొకటి తాకకుండా, ఒకదానిలోకి ఒకటి ఒదుగుతూ తిరిగేవి. ఒక పక్క గాలిని పట్టి ఇంకో పక్కకు నెట్టేవి. ఇనుము కరిగించే కొలుములు వాటిని కోరి తెచ్చుకున్నాయి. మన కమ్మరి తిత్తి ఊదినట్టు నిప్పుకు గాలి కొట్టడమే నీ మొదటి కొలువు. ఇంజినులోకి వచ్చాకా నువ్వు చేస్తున్నది ఆ పనే. నిప్పు సిలిండరు లోపలికి మారింది, అంతే.

1921లో బెర్లిన్ మోటారు ప్రదర్శనలో మెర్సిడెస్ నిన్ను మామూలు కొనుగోలుదారు ముందు నిలబెట్టింది. ఆ కార్లలో నువ్వు ఎప్పుడూ తిరిగేదానివి కావు. తొక్కుడుపలకను అడుగుదాకా అదిమితేనే నిద్ర లేచేదానివి. లేస్తే మాత్రం ఊరంతటికీ తెలిసేది. నీ కేకే నీ ఉనికి. పళ్ళచక్రాల ఈలా, గాలి ఒత్తుకునే మూలుగూ కలిసిన ఆ స్వరాన్ని ఒకసారి విన్న చెవి ఇంకో యంత్రాన్ని చూసి నువ్వనుకోదు.

నీ మీద అలిగినవాళ్ళూ ఉన్నారు. బెంట్లీ కార్లు కట్టిన డబ్ల్యూ.ఓ. బెంట్లీ నిన్ను తన ఇంజినుకు తగిలించడానికి ససేమిరా అన్నాడు. బలం కావాలంటే ఇంజినునే పెద్దది చేయాలన్నది ఆయన మతం. ఆయన కార్లతో పందేలకు దిగే టిమ్ బిర్కిన్ వినలేదు. సంపన్నురాలు డొరొతీ పాజెట్ డబ్బు పెట్టింది, ఇంజినీరు ఆంహర్స్ట్ విలియర్స్ నిన్ను గీసి ఇచ్చాడు. రేడియేటరు ముందు, క్రాంకు కొసకు తగిలించి, కారుకు మూతి ముందుకు పొడుచుకొచ్చినట్టు నిన్ను నిలిపారు. 110 హార్స్‌పవర్ ఇంజిను 175 అయింది. రేసుకని బిగించినది 240 దాకా పోయింది. 1930లో ల మాన్ 24 గంటల పందెంలో బిర్కిన్ ఆ కారుతో రుడాల్ఫ్ కరచ్చియోలా నడుపుతున్న మెర్సిడెస్ మీదికి దూకాడు. టైరు తోలు ఊడిపోతున్నా వదలకుండా దాన్ని దాటాడు. ఆ మెర్సిడెస్‌లోనూ నువ్వే ఉన్నావు, సూపర్‌చార్జరూ! నీతో నువ్వే పోట్లాడుకున్న పందెం అది. చివరికి గెలిచింది మాత్రం నువ్వు లేని బెంట్లీ, పెద్ద ఇంజినున్న స్పీడ్ సిక్స్. నిన్ను మోసిన బ్లోయర్ బెంట్లీలు పందెం పూర్తి చేయనే లేదు. లెక్క ప్రకారం బెంట్లీ మాటే నిలిచింది. అయినా నూరేళ్ళు కావస్తున్నా జనం ఆరాటంగా చూసేది ఆ ఓడిన కారునే. నేనూ అంతే.

ఇప్పుడు నీ వంతు, సీసాలోని నైట్రస్ ఆక్సైడు వాయువా, నైట్రసూ. నిన్ను 1772లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ కనుగొన్నాడు. బ్రిస్టల్‌లో కుర్ర హంఫ్రీ డేవీ నిన్ను తానే పీల్చి నవ్వాడు. మన ఆసుపత్రుల్లో నీలిరంగు సిలిండర్లలో నిలబడి, కోత పడే ఒంటికి నొప్పి తెలియకుండా చేస్తావు. ఆ చల్లని చేయే ఇంజినులోకి వెళ్ళి పిడుగు పట్టుకొస్తుందంటే ఎవరు నమ్ముతారు? నువ్వు మండవు. మండించేదాన్ని దాచుకుని తెస్తావు. నీ బరువులో 36 శాతం ఆక్సిజన్; గాలిలో 23 శాతమే. దాదాపు 300 డిగ్రీల వేడి తగలగానే నీ బంధం తెగుతుంది, దాచుకున్నదంతా సిలిండరులో కుమ్మరిస్తావు. అంతకు ముందే ఇంకో మేలు చేస్తావు. సీసాలో ద్రవంగా ఉన్నదానివి బయటికొచ్చి ఆవిరయ్యే క్షణంలో సున్నాకు 88 డిగ్రీల కిందికి జారి, లోపలికి పోతున్న గాలిని చల్లబరిచి చిక్కన చేస్తావు.

మీ ఇద్దరి మధ్య ఎంపిక ఈనాటి కుర్రకారు తగువనుకుంటారు. అది మొదట ఆకాశంలో పుట్టింది. 9 కిలోమీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి నేల మీది దానిలో మూడో వంతు కూడా ఉండదు. అక్కడికెక్కిన విమానం ఊపిరాడక నీరసించేది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు సీసా వైపు చూశారు. జీఎం-1 అని పేరు పెట్టి, సూపర్‌చార్జరు చేతులెత్తేసే ఎత్తులో నైట్రస్ చిమ్మి నెగ్గుకొచ్చారు. బ్రిటిష్ వాళ్ళ మాస్కిటో రాత్రి విమానాలు కొన్ని కూడా నైట్రస్ తాగాయి. రోల్స్ రాయిస్‌లో స్టాన్లీ హుకర్ మరో దారి పట్టాడు. గణితం చదువుకున్న ఆ మనిషి గాలి నడిచే దారిని కాగితం మీద లెక్క కట్టాడు. ఒక సూపర్‌చార్జరు వెనక ఇంకొకటి పేర్చి, రెండూ దాటి వేడెక్కిన గాలిని చల్లబరిచి మెర్లిన్ ఇంజినుకు అందించాడు. 1942లో స్పిట్‌ఫైర్ మార్క్ 9 యుద్ధ విమానం ఆ మెర్లిన్ ఇంజినుతోనే పైకి లేచింది. సీసా అడుగంటేదాకా ఉన్న బలం ఒకటి, ట్యాంకులో పెట్రోలున్నంతసేపూ ఉన్న బలం ఒకటి. నా మనసు ఎటు మొగ్గిందో ఈ పాటికి తెలిసే ఉంటుంది.

యుద్ధం ముగిశాక ఇద్దరూ నేలకు దిగారు. కాలిఫోర్నియా కుర్రాళ్ళు జీఎంసీ డీజిలు ఇంజిన్ల మీది బ్లోయర్లు విప్పి తమ వీ8ల నెత్తిన కిరీటాలుగా పెట్టారు. నైట్రస్ చాటుగా నడిచింది. 1976లో డేటోనా 500 కారు పందెం అర్హత పరుగులో ఏ.జె. ఫాయిట్, డారెల్ వాల్‌ట్రిప్‌ల సమయాలు దాని వల్లే రద్దయ్యాయి. సీసాను ఎక్కడైనా దాచేయొచ్చు. నెత్తిన కిరీటం దాగదు.

ఎంచుకోబోయే తమ్ముడూ, నీకు కొన్ని నిజాలు చెప్పాలి. సూపర్‌చార్జరు తన కూలి ముందే తీసుకుంటుంది. బెల్టు ద్వారా క్రాంకు నుంచే బలం గుంజుకుని, అంతకు మించి తిరిగిస్తుంది. వాతావరణ ఒత్తిడి చదరపు అంగుళానికి 14.7 పౌండ్లు. దానికి 7 పౌండ్లు కలిపితే లెక్కకు దాదాపు సగం గాలి అదనం. వేడి మింగేది మింగగా మిగిలిందే నీది. అందుకే ఇంటర్‌కూలర్ కావాలి, ట్యూనింగ్ కావాలి, ఖర్చు భారీగా ఉంటుంది. కానీ పాదం మోపిన ప్రతిసారీ పికప్ ఉంటుంది.

నైట్రస్ చవక. సీసా, సొలినాయిడ్లు, జెట్లు, ఒక మీట. చిన్న జెట్టుతో 50 హార్స్‌పవర్ చాలా మామూలు ఇంజిన్లు భరిస్తాయి. పూర్తిగా తొక్కినప్పుడే విడవాలి, స్పార్క్ టైమింగ్ వెనక్కి జరపాలి, పెట్రోలు జోడుగా అందాలి. పెట్రోలు తగ్గిందా, పిస్టన్ కరుగుతుంది. పది పౌండ్ల సీసా 100 హార్స్‌పవర్ చొప్పున రెండు నిమిషాలు కూడా రాదు. పైగా మన ఎండలు! 36.4 డిగ్రీలు దాటితే నైట్రస్ ద్రవంగా నిలవదు, సీసాలో ఒత్తిడి ఎగబాకుతుంది. మే నెల విజయవాడలో తలుపులు మూసిన కారు డిక్కీలో దాని గతి ఊహించు. ఆ వేడికి సూపర్‌చార్జరు కూడా నీరసిస్తుంది. అయితే మళ్ళీ పొద్దు చల్లబడ్డాక కోలుకుంటుంది.

నా తీర్పు ఇది. రోజూ నడిపే కారుకు, పదేళ్ళు దగ్గర పెట్టుకునే కారుకు సూపర్‌చార్జరే. పావు మైలు పరుగుకు, ఒక్క పూట పందేనికి, చేతిలో డబ్బు తక్కువున్నవాడికి నైట్రస్. ఏది పెట్టినా ముందు ఇంజిను కంప్రెషన్ చూపించు, దమ్ము లేని గుండెకు ఊపిరి పోసి చంపకు. రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదని మరిచిపోకు. ఆ కేక వినాలని ఉంటే చెన్నై పక్క ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్ళు, లేదా కోయంబత్తూరు ట్రాక్‌కు వెళ్ళు. బడి పిల్లలు దాటే రోడ్డు మీద మాత్రం ఆ మీట మీద చేయి వేయకు.